ఆర్కిడ్ మీద పిండినల్లి పోయినట్టే పోయి ఎందుకు తిరిగొస్తుంది?

ఆకు మొదట్లో దూదిపింజ లాంటి తెల్లటి మచ్చ కనిపిస్తుంది. స్పిరిట్ ముంచిన దూదితో తుడిచేస్తే మొక్క శుభ్రపడినట్టే ఉంటుంది. రెండు వారాలు తిరక్కుండానే అదే ఆకు మొదట్లో, ఈసారి పూల కాడ కణుపుల్లో కూడా, మళ్ళీ తెలుపు. మందు మోతాదు పెంచుతారు. ఆకు అంచులు మాడిపోతాయి, పురుగు మాత్రం మూడోసారీ వస్తుంది. చాలామంది విసిగిపోయి ఆర్కిడ్‌ను పారేసేది ఈ మూడోసారికే.

నిజానికి మొదటిసారి వాడిన మందు బాగానే పనిచేసింది. తగిలిన ప్రతి పురుగునూ చంపింది. తగలనివి మిగిలాయి: మైనపు సంచిలో దాగిన గుడ్లు, ఆకు మొదలు కాండాన్ని చుట్టుకున్న మడతలోకి దూరిన పిల్లలు, కుండీలో వేళ్ళను పట్టుకున్నవి. నిమ్మజాతి తోటల్లో పేరుమోసిన పిండినల్లి ఇళ్ళలో ఆర్కిడ్‌నూ పడుతుంది. అందులో ఒక్క ఆడది 300 నుంచి 600 దాకా గుడ్లు పెట్టగలదు. వెచ్చటి గదిలో అవి వారం పది రోజుల్లో పొదుగుతాయి. పదిహేనో రోజున మన కంటపడేవి ఆ పిల్లలే. కాబట్టి పురుగును వదిలించడమంటే ముఖ్యంగా రోజుల లెక్క. ఇవాళ గుడ్డులో ఉన్నది బయటికొచ్చి, తాను గుడ్లు పెట్టే వయసుకు చేరేలోపు దానికి మందు తగలాలి. ఆ లెక్క ఒక్కో పురుగుకు ఒక్కో రకం. అందుకే మందు ఎంచుకునే ముందు పురుగును గుర్తుపట్టాలి.

ఏ పురుగో తేల్చుకోవడం

10 రెట్లు పెద్దగా చూపే భూతద్దం, ఒక గుండుసూది, తెల్ల కాగితం, తెల్ల టిష్యూ ఉంటే చాలు. చూడాల్సిన చోట్లు: ఆకు అడుగు భాగం, నడి ఈనె వెంట, రెండు ఆకులు కలిసే సందు, పూల కాడ కణుపుల మీది చిన్న పొర కింద, మొగ్గల వెనక, కుండీ అడుగు రంధ్రాల దగ్గర.

పిండినల్లి మెత్తగా, గుడ్డాకారంలో, ఒంటి నిండా తెల్ల పిండి చల్లినట్టు ఉంటుంది. సూదితో కదిపితే మెల్లగా నడుస్తుంది. వెనక తోక లాంటి రెండు పొడవాటి పోగులు, ఇంచుమించు ఒంటి పొడవున ఉంటే అది పొడవుతోక పిండినల్లి. ఇది దూది సంచిలో గుడ్లు పెట్టదు, నేరుగా పిల్లల్నే కంటుంది. అందుకే దూది ముద్దలు లేవు కదా అని ఊరుకుంటే మోసపోతాం.

పొలుసు పురుగు దగ్గరే ఎక్కువమంది పొరబడతారు. గోధుమరంగు బొడిపెలా ఆకుకు అతుక్కుని కదలకుండా ఉంటుంది, పురుగనే అనిపించదు. ఇందులో రెండు తెగలున్నాయి. ఆ తేడా తెలియకపోతే మందు ఖర్చంతా వృథా. గోటితో మెల్లగా గీరి చూడండి. పైడొప్ప మాత్రమే లేచొచ్చి, కింద పసుపు పచ్చని మెత్తటి ఒళ్ళు ఆకుకే అంటిపెట్టుకుని ఉంటే అది డాలు పొలుసు. డొప్ప, ఒళ్ళు ఒకే ముక్కగా ఊడితే మెత్తపొలుసు. మెత్తపొలుసు, పిండినల్లి రెండూ మొక్కలో ఆహారం ప్రవహించే నాళాల్లోకి మూతి దించి రసం పీలుస్తాయి. ఆ రసంలో చక్కెర ఎక్కువ, వాటికి కావలసిన నత్రజని తక్కువ. మిగిలిన చక్కెరను జిగట బంకగా బయటికి వదులుతాయి. కింది ఆకులు జిడ్డుగా మెరవడానికి, ఆ జిడ్డు మీద నల్లటి మసి తెగులు పట్టడానికి, చీమలు బారులు తీరడానికి కారణం ఆ బంకే. డాలు పొలుసు ఆ నాళాల జోలికి పోదు. విడి కణాలను పొడిచి అందులో ఉన్నది తాగుతుంది, బంక వదలదు, చీమలనూ పిలవదు. ఆకు మీద పసుపు మచ్చలు తేలేదాకా దాని ఉనికే తెలియదు.

ఆర్కిడ్లను పట్టే డాలు పొలుసుల్లో బోయిస్‌డువాల్ పొలుసు మరీ మొండిది. ఆడవి గుండ్రటి లేత పసుపు డొప్పల్లా ఉంటాయి. మగవి మాత్రం తెల్లటి సన్నని గొట్టాల్లా గుంపుగా పేరుకుని అచ్చం దూదిలా కనిపిస్తాయి. చూసినవాళ్ళు పిండినల్లి అనుకుని దానికి తగ్గ మందు కొడతారు. సూదితో కదిపితే అవి నడవవు. ఆకు కింద దూది కనబడినప్పుడు ఈ ఒక్క పరీక్ష మానకూడదు.

ఇక ఒట్టి నల్లి (మైట్). పిండినల్లి వేరు, ఇది వేరు. నల్లి కీటకమే కాదు. ఎనిమిది కాళ్ళున్న సాలీడు వర్గపు జీవి, అర మిల్లీమీటరు కూడా ఉండదు. అందుకే కీటకాల కోసం తయారైన మందులు చాలావరకు దాన్ని తాకలేవు. తడిపిన తెల్ల టిష్యూతో ఆకు అడుగును తుడిస్తే ఎర్రటి, గోధుమరంగు చారలు పడతాయి. ఎర్రనల్లి సన్నని గూడు అల్లుతుంది, ఆకు వెండి చల్లినట్టు పాలిపోతుంది. గూడు అల్లని, ఇంకా చిన్నవైన చదును నల్లులు మరో తెగ. ఫెలనాప్సిస్ అనే రకం ఆర్కిడ్ ఆకు మీద గుంటలు పడి, వెండి రంగుకు తిరిగి, గూడు ఎక్కడా లేకపోతే వాటినే అనుమానించాలి. అందులో బ్రెవిపాల్పస్ జాతి ఆర్కిడ్ ఫ్లెక్ అనే వైరస్‌ను మొక్క నుంచి మొక్కకు మోస్తుంది కూడా.

తామర పురుగులు పువ్వు కోసం వస్తాయి. రేకుల మీద తెల్లబారిన చారలు, వాటి మధ్య నల్ల చుక్కల్లాంటి మలం వీటి గుర్తు. పువ్వును తెల్ల కాగితం మీద తట్టితే గీతల్లాంటి సన్నని పురుగులు చకచకా పరిగెడతాయి. పేనుబంక మొగ్గల మీద, లేత కాడ మీద గుంపులుగా ఉంటుంది. వదిలేసిన తెల్లటి కుబుసాలు దాని చుట్టూ రాలి ఉంటాయి.

పురుగు కానివీ చెప్పుకోవాలి, వాటి కోసం మందు కొట్టి మొక్కను పాడుచేసుకునేవాళ్ళు ఉన్నారు. పూల కాడ మీద, మొగ్గల కింద తేట తేనె బొట్లు కనిపించి, భూతద్దంలో ఒక్క పురుగూ లేకపోతే అది ఆర్కిడ్ తనంతట తాను స్రవించే తేనె. తడిగుడ్డతో తుడిస్తే సరి. కుండీ అంచున, వేళ్ళ మీద తెల్లటి గట్టి పొర ఎరువు ఉప్పు. నీళ్ళు పోసినప్పుడు, కుండీలో మట్టికి బదులు నింపిన బెరడు ముక్కల మీద గెంతే సన్నని తెల్ల జీవులు కుళ్ళిన పదార్థం తినేవి, మొక్కకు హాని చేయవు.

ఆర్కిడ్ ఒంటి తీరు

గులాబీకి, మందారానికి చేసినట్టు ఆర్కిడ్‌కు చేస్తే నష్టమే. కారణాలు మూడు.

ఫెలనాప్సిస్ లాంటి ఆర్కిడ్‌కు ఎదిగే మొన ఒక్కటే, ఆకుల నడిమధ్య గిన్నెలా ఉన్న చోట. అక్కడ నీరైనా సబ్బు ద్రావణమైనా రాత్రంతా నిలిస్తే మొన కుళ్ళుతుంది. పురుగు ఆకుల్ని పీల్చి చంపడానికి నెలలు పడుతుంది. నిలిచిన నీరు కొన్ని రోజుల్లో ఆ పని చేస్తుంది. పిచికారీ అయ్యాక మొక్కను పక్కకు వంచి ఆ నీటిని ఒంపాలి, మిగిలిన తడిని మెలితిప్పిన టిష్యూ మొనతో పీల్చేయాలి.

రెండోది వేరు. బయటికి తెల్లగా కనబడే స్పాంజి పొర నీటిని తాగి నిలువ చేసుకుంటుంది. నీటిని ఎలా తాగుతుందో ఆల్కహాల్‌నూ అలాగే తాగుతుంది. కాబట్టి స్పిరిట్‌ను ఎప్పుడూ కుండీలోకి పోయకూడదు. దాల్చినచెక్క పొడి సంగతీ అంతే. కోసిన గాయం మీద శిలీంద్రం పట్టకుండా కొందరు దాన్ని అద్దుతారు. పురుగును అది చంపదు, వేళ్ళ మీద పడితే వాటిని ఎండబెడుతుంది.

మూడోది ఎండిన తొడుగులు. కాట్లియా, డెండ్రోబియం లాంటి వాటికి ఉబ్బిన కాండాల చుట్టూ కాగితం లాంటి పాత పొర ఉంటుంది. మొక్కకు దానితో పని తీరిపోయింది, పొలుసు పురుగుకు మాత్రం అది ఇల్లు. ఆ పొరను వదిలేసి పైపైన ఎన్నిసార్లు కొట్టినా ప్రయోజనం ఉండదు. కాస్త తడిపి, పైనుంచి కిందికి నిలువుగా చీల్చి రెండు వైపులకూ లాగి తీసేయాలి. మొదట్లో నిద్రపోతున్న కొత్త మొలక కన్ను ఉంటుంది, అది విరగకుండా చూసుకోవాలి. ఇంకా పచ్చగా ఉన్న తొడుగును పీకకూడదు.

మొదటి రోజు

పురుగు కనబడగానే మొక్కను మిగతా వాటినుంచి కనీసం ఒకటిన్నర, రెండు మీటర్ల దూరం జరపాలి, వీలైతే వేరే గదిలోకి. ఆకులు ఆనుకుని ఉన్న పక్క మొక్కలు శుభ్రంగా కనబడినా వాటినీ అనుమానితుల జాబితాలో వేయాలి. కుండీ పెట్టిన పళ్ళెం, మొక్కను ఉంచిన అర అంచు, కాడకు కట్టిన కర్ర, క్లిప్పు అన్నీ వేడి సబ్బు నీటితో కడగాలి. పిండినల్లి ఆడది గుడ్లు పెట్టడానికి మొక్క దిగి కుండీ అంచు కిందికో, అర పగుల్లోకో పోవడం మామూలే. మొక్కకే వైద్యం చేసి అరను మరిచిపోవడం పురుగు తిరిగి రావడానికి పెద్ద కారణాల్లో ఒకటి.

పూలు వాడుతున్న కాడకు పురుగు బాగా పట్టి ఉంటే దాన్ని కోసేయడం మేలు. కత్తెరను మాత్రం మొక్కకూ మొక్కకూ మధ్య మంటలో కొన్ని సెకన్లు కాల్చాలి. ఆర్కిడ్లలో సింబిడియం మొజాయిక్, ఒడొంటోగ్లోసం రింగ్‌స్పాట్ అనే రెండు వైరస్‌లు ఎక్కువగా కోతల ద్వారానే పాకుతాయి. స్పిరిట్‌తో తుడిచినంత మాత్రాన అవి పోతాయని నమ్మడానికి లేదు. పురుగుకు మందుంది, వైరస్‌కు లేదు.

తర్వాత 70 శాతం ఐసోప్రోపైల్ ఆల్కహాల్. 90 శాతం పైబడినది త్వరగా ఆవిరై పురుగు మైనంలోకి ఇంకేంత సేపు నిలవదు, ఆకునూ ఎక్కువ ఎండబెడుతుంది. సువాసన, గ్లిసరిన్ కలిసిన చేతుల శానిటైజర్ జెల్ దీనికి పనికిరాదు. ఇయర్‌బడ్‌ను ముంచి, కారకుండా పిండి, ఒక్కో పురుగు మీద రెండు మూడు సెకన్లు ఆనించాలి. తెల్ల మైనం కరిగి కింది ఒళ్ళు గులాబీ, నారింజ రంగులో బయటపడితే మందు తగిలినట్టు. డాలు పొలుసుకు ఇది చాలదు. ఆ డొప్ప ఆల్కహాల్‌ను లోపలికి పోనివ్వదు కాబట్టి మెత్తటి టూత్‌బ్రష్‌ను ముంచి, ఆకును అరచేత్తో కింద ఆనించి పట్టుకుని, డొప్పలు ఊడిపడేలా రుద్దాలి. ఊడిపడినవి కుండీలోకి రాలకుండా బెరడు మీద తడిగుడ్డ పరిచి ఉంచాలి. ఈ శ్రమకు బదులు లేదు. మందుకు లొంగని పురుగు ఉండొచ్చు గానీ, చేత్తో తీసేస్తే లొంగనిది ఉండదు.

ఈ పని సాయంత్రమో, నీడలోనో చేయాలి. ఎండ తగులుతున్న ఆకు మీద ఆల్కహాల్ పడితే మచ్చలు వస్తాయి. ఆన్సిడియం లాంటి పల్చటి ఆకులున్న వాటికీ, కొత్తగా విచ్చుకుంటున్న ఆకుకూ ఆల్కహాల్‌ను సమానంగా నీళ్ళతో కలిపి వాడటం మంచిది. పువ్వులకు అసలు తగలనివ్వకూడదు.

సబ్బు, నూనె, వేప

పురుగుల సబ్బంటే కొవ్వు ఆమ్లాల పొటాషియం లవణం. గిన్నెలు తోమే ద్రవాలు చాలావరకు డిటర్జెంట్లు. అవి ఆకు మీద రక్షణగా ఉన్న మైనపు పూతను కడిగేస్తాయి. పొటాషియం సబ్బును 1 శాతంగా కలపాలి: లీటరు నీటికి 10 మిల్లీలీటర్లు. ముదిరిన, మందపాటి ఆకులు 2 శాతం దాకా తట్టుకుంటాయి. ముందే పలచన చేసి అమ్మే సీసా అయితే దాని మీది కొలతే పాటించాలి.

సబ్బు తడిగా ఉన్నంతసేపే చంపుతుంది. ఆరిపోయాక దానికి బలం లేదు. పురుగు ఒంటి పొరను చెడగొట్టి లోపలి తేమను బయటికి రప్పించడం దాని పని, అందుకు ద్రావణం నేరుగా పురుగును తాకాలి. ఆకు అడుగునుంచి నీరు కారేదాకా కొట్టాలని చెప్పేది అందుకే. నాలుగైదు ఆకుల ఫెలనాప్సిస్‌కు ఒక్కసారికి దాదాపు 200 మిల్లీలీటర్లు పడుతుంది. అంతకంటే బాగా తక్కువ ఖర్చయిందంటే అడుగు భాగం తప్పిపోయినట్టే.

నీటి సంగతి చాలామంది పట్టించుకోరు. నీటిలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువుంటే అవి సబ్బుతో కలిసి కరగని తెట్టుగా మారతాయి, పురుగును చంపాల్సిన సబ్బు ఆ తెట్టులో పోతుంది. ఒక గాజు సీసాలో ద్రావణం కలిపి ఊపి పది నిమిషాలు ఉంచండి. పైన తెల్లటి తెట్టు కట్టినా, అడుగున విరిగిన పాలలాంటి పలుకులు చేరినా ఆ నీరు పనికిరాదు. వాన నీరో, ఆర్.ఓ. నీరో వాడాలి. సబ్బు పనిచేయలేదన్న ఫిర్యాదు విన్నప్పుడు మొదట అడగాల్సిన ప్రశ్న ఇదే.

తోటలకు వాడే శుద్ధి చేసిన ఖనిజ నూనె దారి వేరు. పురుగు ఊపిరి రంధ్రాలను, గుడ్ల పెంకును పూతలా మూసి ఉక్కిరిబిక్కిరి చేస్తుంది. సబ్బుకు పెద్దగా లొంగని గుడ్లు దీనికి లొంగుతాయి, డాలు పొలుసుకు సబ్బు కన్నా ఇది మేలు. 1 శాతం, అంటే లీటరుకు 10 మిల్లీలీటర్లతో మొదలుపెట్టాలి. 30 డిగ్రీలు దాటిన వేడిలో, ఎండలో, నీళ్ళు లేక వాడిన మొక్క మీద కొడితే ఆకు కాలుతుంది. గంధకం కలిసిన మందు వాడి 30 రోజులు కాకపోతే నూనె జోలికి పోకూడదు. ఆ రెండూ కలిసి ఆకును మాడుస్తాయి. బయటికి వేలాడే వేళ్ళ మీద నూనె పొర పడకుండా గుడ్డ కప్పాలి. వంటనూనె దీనికి బదులు కాదు. అది ఆకు మీద జిగురుగా గట్టిపడి దుమ్ము పట్టుకుంటుంది.

వేపనూనె గురించి మనకు ఎక్కువ చెప్పనక్కర్లేదు, కొలత, కలిపే వరస మాత్రం చెప్పాలి. లీటరుకు 5 మిల్లీలీటర్ల గానుగ వేపనూనె, 1 నుంచి 2 మిల్లీలీటర్ల ద్రవ సబ్బు. నూనెను నేరుగా నీళ్ళలో పోస్తే పైన తేలుతుంది. పిచికారీలో మొదట ఒట్టి నీళ్ళు, చివర్లో చిక్కటి నూనె వచ్చి ఒకటి రెండు ఆకుల్ని కాలుస్తుంది. ముందు నూనె, సబ్బు కలిపి తెల్లబడేదాకా గిలక్కొట్టి, గోరువెచ్చటి నీటిని కొద్దికొద్దిగా చేర్చాలి. కలిపిన రోజే వాడేయాలి. వేపలోని అజాడిరక్టిన్ పురుగు కుబుసం విడిచే క్రమాన్ని దెబ్బతీస్తుంది. కాబట్టి పిల్లల మీద బాగా పనిచేస్తుంది, ఎదిగిన ఆడదాన్ని వెంటనే చంపదు. మర్నాడు పురుగు ఇంకా బతికే ఉందని కంగారుపడి రెట్టింపు కొట్టడం తప్పు. వెలుతురుకు అజాడిరక్టిన్ త్వరగా విరిగిపోతుంది, అందుకే సాయంత్రం కొట్టాలి.

ఏది వాడినా మొదట ఒక ఆకు మీద వేలెడంత చోట రాసి రెండు రోజులు ఆగాలి. ఆల్కహాల్, సబ్బు, నూనె మూడూ ఒకే సీసాలో కలిపే చిట్కాలు ప్రచారంలో ఉన్నాయి. అలాంటి మిశ్రమం ఆకును కాల్చినప్పుడు ఏది కాల్చిందో కూడా తెలియదు. మా మాట: తొలిరోజు ఆల్కహాల్‌తో చేతిపని, మూడు నాలుగు రోజుల తర్వాత సబ్బో నూనెనో పిచికారీ.

రోజుల లెక్క

పిండినల్లికి, మెత్తపొలుసుకు ఏడు రోజులకోసారి, కనీసం ఐదుసార్లు. మొదటిదానికి ఎదిగినవి పోతాయి, రెండు మూడుకు అప్పుడు గుడ్లలో ఉన్నవి, నాలుగైదుకు దాక్కుని తప్పించుకున్నవి. చాలామంది రెండోదానితో ఆపేస్తారు, ఎందుకంటే అప్పటికి కంటికి ఏమీ కనబడదు. కనబడకపోవడం ఆపడానికి గుర్తు కాదు.

డాలు పొలుసుకు ఓపిక ఇంకా ఎక్కువ కావాలి. తల్లి డొప్ప కిందే గుడ్లు పొదుగుతాయి. పిల్లలు బయటికొచ్చి పాకే కొద్ది గంటలు, మహా అయితే ఒకటి రెండు రోజులే వాటికి ఏ రక్షణా ఉండదు. తర్వాత ఒకచోట మూతి దించి డొప్ప కట్టుకుంటాయి. అన్ని తల్లులకూ ఒకేసారి పిల్లలు రావు, కాబట్టి ఏడు నుంచి పది రోజులకోసారి రెండు నెలల పాటు కొనసాగాలి. చచ్చిన డొప్పలు కూడా ఆకుకు అంటుకునే ఉంటాయి, వాటిని చూసి నిరాశపడొద్దు. గోటితో గీరితే ఎండిన పొట్టులా రాలితే చచ్చినది, తడిగా పసుపు రసం అంటితే బతికున్నది. లెక్కపెట్టాల్సింది ఆ రసం అంటినవాటినే.

ఎర్రనల్లికి వారం గడువు చాలా ఎక్కువ. 27, 30 డిగ్రీల వేడిలో అది గుడ్డు నుంచి తల్లి కావడానికి వారం పది రోజులే తీసుకుంటుంది. నాలుగైదు రోజులకోసారి నాలుగుసార్లు కొట్టాలి. చల్లటి గదిలో ఎదుగుదల నెమ్మదిస్తుంది, వారానికోసారి చాలు. పిచికారీకి ముందు షవర్ కింద ఆకుల అడుగును గట్టిగా కడిగితే సగం పని అయిపోతుంది, ఎందుకంటే నీటి దెబ్బకు నల్లులు, గూడు రెండూ కొట్టుకుపోతాయి. పొడి గాలి వాటికి అనువు. ఏసీకో హీటర్‌కో ఎదురుగా ఉన్న ఆర్కిడ్‌ను అక్కణ్ణుంచి తీయకుండా నల్లిని వదిలించడం కష్టం. చదును నల్లి ఇంత వేగంగా పెరగదు, దానికి వారానికోసారి చొప్పున ఆరు వారాలు.

ఆఖరి పురుగు కనిపించిన రోజు నుంచి ఇంకో 30 రోజులు మొక్కను విడిగానే ఉంచాలి. ఏ రోజు ఏం కొట్టారో, ఎన్ని బతికున్నవి కనిపించాయో కుండీ మీదే ఒక చీటీ అంటించి రాసుకుంటే జ్ఞాపకం మీద ఆధారపడే పని ఉండదు.

కుండీ లోపల

ఐదుసార్లు శ్రద్ధగా కొట్టినా పిండినల్లి ఆకు మొదట్లోనే మళ్ళీ మళ్ళీ పుడుతుంటే అది వేళ్ళలో ఉంది. కుండీలోంచి మొక్కను తీసి చూస్తే బెరడు ముక్కల మీద, వేళ్ళ వంపుల్లో తెల్లటి పిండి కనిపిస్తుంది. శిలీంద్రపు బూజు కూడా తెల్లగానే ఉంటుంది గానీ అది దారాల్లా అల్లుకుంటుంది. పిండినల్లి విడివిడి గుడ్డాకారపు ముద్దలుగా ఉంటుంది, భూతద్దంలో కాళ్ళు కనబడతాయి.

పాత బెరడు, మాస్ (ఎండు నాచు) మొత్తం సంచిలో మూటకట్టి పారేయాలి, తిరిగి వాడకూడదు. వేళ్ళను గోరువెచ్చటి కుళాయి ధార కింద కడిగి, మెత్తబడి గోధుమరంగుకు మారిన చచ్చిన వేళ్ళు కోసేయాలి. మిగిలినవాటిని 1 శాతం సబ్బు ద్రావణంతో మెత్తటి బ్రష్‌తో తుడిచి, వెంటనే మంచి నీటితో కడిగేయాలి. కుండీని వేడి సబ్బు నీటిలో తోమాలి, అంచు కింది మడత మరవకుండా. కొత్త బెరడును ఒక రాత్రి నానబెట్టి నింపాలి, లేకపోతే అది నీటిని నిలుపుకోదు, అప్పటికే అలసిన వేళ్ళు ఎండుతాయి. తర్వాత రెండు వారాలు ఎరువు వద్దు.

కుండీ చుట్టూ దోమల్లా తేలే చిన్న నల్ల ఈగలు వేరే కబురు చెబుతున్నాయి. వాటి పురుగులు ఎక్కువగా తినేది కుళ్ళిన పదార్థాన్నీ శిలీంద్రాన్నీ. అంటే బెరడు మట్టిలా విరిగిపోయిందని, కుండీ మార్చే వేళ అయిందని. పసుపు జిగురు అట్టలు ఎగిరేవాటిని పడతాయి. లోపలి పురుగులకు బీటీఐ అనే బాక్టీరియా పొడి కలిపిన నీరు పోయొచ్చు. అసలు మందు కొత్త బెరడే.

పువ్వు మీద ఉన్నప్పుడు

ఇక్కడ నష్టం లేని మార్గం లేదు. సబ్బు, నూనె, ఆల్కహాల్ మూడూ రేకుల్ని మచ్చలు పరుస్తాయి. పేనుబంక అయితే మొగ్గల్ని వేళ్ళతో పట్టుకుని మెత్తటి నీటి ధారతో మూడు రోజులకోసారి కడిగితే చాలావరకు పోతుంది. తామర పురుగు అలా పోదు. గుడ్లను మొక్క కణజాలం లోపలే పెడుతుంది, పిల్లలు రేకుల మడతల్లో తింటాయి, ఎదిగే ముందు కొన్నాళ్ళు కిందికి దిగి బెరడులోనో సందులోనో విశ్రమిస్తాయి. ఏ రోజు కొట్టినా కొన్ని మందుకు అందని చోటే ఉంటాయి. పట్టిన పువ్వుల్ని కోసి సంచిలో మూటకట్టి పారేయడం, ఆకులకు ఐదారు రోజులకోసారి మూడు వారాల పాటు సబ్బు కొట్టడం, దగ్గర్లో నీలం లేదా పసుపు జిగురు అట్ట పెట్టడం. పూలు పోతాయని మనసు ఒప్పకపోవచ్చు, కానీ ఆ పూలే పక్క మొక్కలకు పురుగును పంపే స్థావరం.

అంతర్వాహిక మందులు

మొక్క రసంలో కలిసి తిరిగే మందు ఒక్కసారి వేస్తే చాలని అనిపిస్తుంది. ఇమిడాక్లోప్రిడ్ ఈ తరగతిలో ఎక్కువగా వినబడే పేరు. ఆర్కిడ్ దగ్గర దానికి ఇబ్బందులున్నాయి. గుళికల మందు మట్టిని దృష్టిలో పెట్టుకుని తయారైంది. బెరడు ముక్కల మధ్య నీరు నిమిషంలో కారిపోతుంది, మందు వేళ్ళకు చేరేది కొంతే. ఆర్కిడ్ నెమ్మదిగా పెరిగేది, మందును పైకి లాగడమూ నెమ్మదే. పిండినల్లి, మెత్తపొలుసు, పేనుబంక నాళాల రసం తాగుతాయి కాబట్టి వాటికి కొంత అందుతుంది. డాలు పొలుసు విడి కణాలను తింటుందని పైన చెప్పుకున్నాం, దానికి ఇమిడాక్లోప్రిడ్ దాదాపు అందదు. ఇదే తరగతిలో నీటిలో ఎక్కువగా కరిగే డైనోటెఫ్యూరాన్ డాలు పొలుసు మీద మెరుగ్గా పనిచేస్తుంది. నల్లి మీద ఈ తరగతి మందులు పనిచేయవు సరికదా, ఇమిడాక్లోప్రిడ్ వాడాక నల్లి పెరిగిన సందర్భాలు నమోదయ్యాయి.

ఇంటి లోపల వాడటానికి అనుమతి ఉందని సీసా మీద రాసి లేని మందును గదిలో కొట్టకూడదు. పొలాల మందు పలచన చేసి వాడితే సరిపోతుందనుకోవడం పిల్లలు, పెంపుడు జంతువులు తిరిగే ఇంట్లో ప్రమాదం. ఆరుబయట ఉంచే ఆర్కిడ్ పూతలో ఉంటే తేనెటీగల కోసమూ ఈ మందులకు దూరంగా ఉండాలి. రెండు మూడు మొక్కలున్న ఇంట్లో సబ్బు, బ్రష్, ఓపిక సరిపోని సందర్భం చాలా అరుదు.

మిత్ర పురుగుల గురించి అడిగేవారికి: 1890ల మొదట్లో ఆస్ట్రేలియా నుంచి కాలిఫోర్నియా నిమ్మతోటలకు తెచ్చిన క్రిప్టోలేమస్ అనే అక్షింతల పురుగు పిండినల్లిని ఇప్పటికీ అద్భుతంగా తింటుంది. మూసి ఉన్న హరితగృహంలో అది మంచి మార్గం. ఇంటి గదిలో మాత్రం వెలుతురు కోసం కిటికీ వైపు ఎగిరిపోతుంది. దాని పిల్ల పురుగులు తెల్లటి మైనపు పోగులతో అచ్చం పెద్ద పిండినల్లిలా ఉంటాయి. వాటిని తెచ్చుకుని, తెలియక స్పిరిట్‌తో చంపేయకూడదు.

చీమలు ఎక్కుతుంటే వాటినీ ఆపాలి. బంక కోసం అవి పిండినల్లిని శత్రువుల నుంచి కాపాడతాయి, కొన్ని పిల్లల్ని మోసుకెళ్ళి కొత్త చోట దించుతాయి. కుండీని నీళ్ళున్న పళ్ళెం మధ్యలో, అడుగు నీటికి తగలకుండా ఒక రాయి మీద ఎత్తుగా పెడితే దారి తెగుతుంది. ఆకులు గోడనో పక్క మొక్కనో ఆనుకుని ఉంటే మాత్రం ఆ నీటి కాలువకు అర్థం లేదు.

కొత్తగా ఇంటికి వచ్చిన ఆర్కిడ్‌ను 4 నుంచి 6 వారాలు విడిగా ఉంచి, వారానికోసారి భూతద్దంతో చూడాలి. పూలతో కళకళలాడుతూ వచ్చిన మొక్కలోనూ ఆకు మొదలు మడతలో నాలుగు పిండినల్లి పిల్లలు ఉండొచ్చు. ఆ నాలుగింటిని ఇయర్‌బడ్‌తో తీయడానికి ఐదు నిమిషాలు పడుతుంది. అవి అర మీది మిగతా మొక్కలకు పాకాక ప్రతి కుండీకీ పైన చెప్పిన రోజుల లెక్క మొదటినుంచీ మొదలుపెట్టాలి.